బడి అడగవలసిన ప్రశ్న: విద్యార్థుల ఆత్మహత్యల నివారణలో డెల్టా బడులు చేయగలిగేది

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన మర్నాడు జిల్లా పేజీల్లో వచ్చే వార్తల్లో ఒక మాట దాదాపు మారకుండా కనిపిస్తుంది: పరీక్ష తప్పడంతో మనస్తాపానికి గురై. పదహారేళ్లు పెరిగిన పిల్లవాడి జీవితం, అతని ఇంటి పరిస్థితి, కొన్ని నెలలుగా అతను మోస్తున్న బాధ, అన్నీ ఆ ఒక్క మాటలో మార్కుల జాబితా కిందికి చేరిపోతాయి. చదివినవారు నొచ్చుకుంటారు, తల్లిదండ్రులు ఆ పూటకు తమ పిల్లలతో మెత్తగా మాట్లాడతారు, తరువాతి ఏప్రిల్ వరకు విషయం మరుగున పడుతుంది. ఆ మాట నిజానికి ఎంత తక్కువ చెబుతుందో, పిల్లల ప్రాణాలు కాపాడడంలో బడి చేయగలిగేది ఎంతో, గోదావరి పాయల మధ్య ఉన్న మన ఊళ్లలో ఆ పని ఎక్కడెక్కడ తెగిపోతోందో విడమరచి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా లెక్కలు. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు, అంటే నూటికి ఏడున్నర మందికి పైగా. అదే నివేదికలో పరీక్షలో వైఫల్యం అన్న కారణం కింద నమోదైనవి, అన్ని వయసులూ కలిపి, మొత్తం మరణాల్లో నూటికి ఒకటీ రెండింటి మధ్యే ఉంటాయి. పద్దెనిమిదేళ్లలోపు వారిని విడిగా చూసినా ముందు వరుసలో ఉండేది కుటుంబ సమస్యలే. ప్రేమ వ్యవహారాలు, అనారోగ్యం కూడా పెద్ద కారణాలుగానే కనిపిస్తాయి. ఈ అంకెలను కూడా జాగ్రత్తగా చదవాలి. ఇవి పోలీసు రికార్డుల నుంచి వచ్చినవి. పోలీసు రికార్డులో కారణానికి ఒక్కటే గడి ఉంటుంది, దాన్ని నింపేది దుఃఖంలో ఉన్న తల్లో తండ్రో చెప్పిన మాట. పరీక్ష అని చెప్పడం ఇంటివారికి సులభం. కొట్టడం, అవమానించడం, లైంగిక వేధింపు, కులం పేరుతో జరిగిన చిన్నచూపు, చికిత్స అందని డిప్రెషన్ వంటివి ఆ గడిలోకి తేలికగా రావు.

ఒక్క కారణంతో ఎవరూ ఆ స్థితికి చేరరన్నది ఈ రంగంలో పనిచేసేవారందరూ అంగీకరించే విషయం. ఏదో ఒక మానసిక ఇబ్బంది ముందునుంచీ ఉండవచ్చు, ఇంట్లో ఒక నష్టమో గొడవో దానికి తోడు కావచ్చు, ఆపై నలుగురిలో అవమానం జరగవచ్చు, చెప్పుకోవడానికి మనిషి లేకపోవచ్చు. ఇవన్నీ ఒకచోట కలిసిన రోజున పరీక్ష ఫలితం చివరి దెబ్బ అవుతుంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల వయసు వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. నలభై మంది ఉన్న తొమ్మిదో తరగతిలో ఈ లెక్కన ముగ్గురు ఉంటారు. ఆ ముగ్గురిలో చాలామంది అల్లరి చేయరు, ఫిర్యాదు చేయరు, హాజరు పట్టీలో రోజూ ఉంటారు. మానసిక వ్యాధుల్లో మూడో వంతు 14 ఏళ్లకే, దాదాపు సగం 18 ఏళ్లకే మొదలవుతాయని అంతర్జాతీయ పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన లెక్కలు చెబుతున్నాయి. అంటే ఈ వ్యాధులు మొదలయ్యే కాలమంతా పిల్లలు బడిలోనే, జూనియర్ కాలేజీలోనే గడుపుతున్నారు.

ఈ వయసుకు మరో లక్షణం ఉంది. ఉద్వేగం ముందు ఎదుగుతుంది, దాన్ని నిలువరించుకునే శక్తి తరువాత ఎదుగుతుంది. అందువల్ల ఈ వయసులో చావాలన్న తీవ్రత ఒక్కసారిగా పైకి లేస్తుంది, చాలాసార్లు కొన్ని గంటల్లోనే తగ్గుతుంది. ఆ గంటలు దాటించగలిగితే ఆ పిల్లల్లో అత్యధికులు బతుకుతారు, ఆ తరువాత ఆ పని చేయాలని మళ్లీ అనుకోకుండానే జీవితం గడుపుతారు. నివారణ అన్న మాటకు అర్థం ఉన్నది ఇక్కడే.

డెల్టాలో ఒంటరితనం ఎలా ఉంటుంది

ఆనకట్ట కట్టిన తరువాత అన్నపూర్ణగా పేరు పొందిన ఈ నేల బయటివారికి పచ్చగా కనిపిస్తుంది. ఆ పచ్చదనంలో పిల్లల బాధ కనిపించకపోవడానికి ప్రత్యేకమైన కారణాలు కొన్ని ఉన్నాయి.

కోనసీమలోనూ, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలోనూ తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లి, పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతున్న ఇళ్లు ఎన్నో కనిపిస్తాయి. తల్లి పంపే డబ్బుతో ఇల్లు లేస్తుంది, ఫీజు కడతారు, ఫోను కొంటారు. రాత్రి వీడియో కాల్‌లో తల్లి అడిగేది, "తిన్నావా? చదువుతున్నావా?" అని. అక్కడ పరాయి ఇంట్లో కష్టపడుతున్న తల్లికి తన బాధ చెప్పి ఏడిపించకూడదని పన్నెండేళ్ల పిల్ల కూడా అనుకుంటుంది. తల్లి తన కోసమే వెళ్లిందని తెలిసిన పిల్లకు మార్కులు తగ్గడం అంటే తల్లి కష్టాన్ని వృథా చేయడమే. ఈ భావం బయటికి బాధ్యతగా కనిపిస్తుంది, లోపల మాత్రం పిల్లను నలిపేస్తుంది.

మరికొన్ని ఇళ్లలో కౌలు చేసే తండ్రి అప్పులో ఉంటాడు, లేదా చెరువులో రొయ్య దెబ్బతిని పెట్టుబడి మొత్తం పోయి ఉంటుంది. పిల్లలు వినకూడదని గొంతు తగ్గించి మాట్లాడినా, ఇంట్లో ఏం జరుగుతున్నదో వారికి తెలియకుండా ఉండదు. నది పాయల మధ్య దీవుల్లాంటి లంక గ్రామాలకు ఏటా జూలై, ఆగస్టుల్లో మరో చిక్కు వస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులకు మించి నీరు దిగినప్పుడు లంకల్లో బడులు మూతపడ్డాయి, పుస్తకాలు తడిశాయి, కుటుంబాలు పునరావాస కేంద్రాల్లో గడిపాయి. అటువంటి ఏడాది తరువాత పిల్లవాడి చదువు తగ్గితే దాన్ని బద్ధకం అని రాయడం అన్యాయం.

ఇక హాస్టళ్లు. పదో తరగతి కాగానే పిల్లలను రాజమహేంద్రవరంలోనో, భీమవరంలోనో, విజయవాడలోనో రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించడం డెల్టాలో మధ్యతరగతికి ఆనవాయితీగా మారింది. పేద ఇళ్ల పిల్లలు గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో, సంక్షేమ హాస్టళ్లలో ఇంకా చిన్న వయసులోనే చేరుతున్నారు. ఈ సంస్థలు లేకపోతే చాలామంది ఆడపిల్లల చదువు ఏడో తరగతితో ఆగిపోయేది కాబట్టి వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ హాస్టల్లో ఉన్న పిల్లకు బడి, ఇల్లు రెండూ ఒకే ప్రహరీలో ఉంటాయి. పగలు తరగతిలో అవమానం జరిగితే సాయంత్రం పోయి తలదాచుకునే చోటు ఉండదు. ఇంటికి ఫోను చేయడానికి వారానికి ఒకరోజు, పక్కన వార్డెన్ నిలబడి ఉన్నప్పుడు, కొద్ది నిమిషాలు దొరికితే ఆ ఫోన్లో ఏ పిల్లా నిజం చెప్పదు.

వీటన్నిటి మీద పరువు అనే మాట పరుచుకుని ఉంటుంది. ఆడపిల్ల ఎవరితోనో మాట్లాడుతోందని తెలిస్తే బడి మాన్పించి పెళ్లి సంబంధాలు వెతకడం, మగపిల్లవాడు ఏడిస్తే "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అనడం, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లామంటే సంబంధాలు రావని భయపడి గాలి సోకిందనో దిష్టి తగిలిందనో తాయెత్తు కట్టించి ఊరుకోవడం, ఇవన్నీ ప్రేమలేని ఇళ్లలో మాత్రమే జరిగేవి కావు. పిల్లల మీద ప్రాణం పెట్టుకున్న ఇళ్లలోనూ జరుగుతాయి.

హెచ్చరికలు ముందే వస్తాయి

గోదావరికి వరద వచ్చినప్పుడు మనం ఊళ్లోకి నీరు వచ్చేదాకా ఆగం. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులు దాటగానే కిందివారు చెవులు రిక్కిస్తారు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ప్రకటిస్తారు. ప్రతి మట్టానికీ ఎవరు ఏం చేయాలో, పడవలు ఎక్కడ ఉండాలో ముందే రాసి ఉంటుంది. పిల్లల విషయంలోనూ చాలావరకు హెచ్చరికలు ముందే వస్తాయి, కానీ ఏ హెచ్చరికకు ఎవరు కదలాలో మన బడుల్లో ఎక్కడా రాసి ఉండదు.

ఆ హెచ్చరికలు ఎలా ఉంటాయంటే, ఎప్పుడూ ముందు బెంచీలో ఉండే పిల్ల వారాల తరబడి వెనక్కి జరిగి కూర్చుంటుంది. మధ్యాహ్న భోజనం పళ్లెం ముట్టకుండా వదిలేస్తుంది. రాత్రి నిద్ర లేనట్టు మొదటి పీరియడ్‌లోనే తల వాల్చేస్తుంది. ఇష్టమైన కబడ్డీ మానేసిన పిల్లవాడు, చీటికిమాటికి కొట్లాటకు దిగుతున్న పిల్లవాడు, చేతులను ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కాతో దాచుకుంటున్న పిల్ల, హఠాత్తుగా తన వస్తువులు స్నేహితులకు పంచుతున్న పిల్ల, "నేను లేకపోతే అందరికీ బాగుంటుంది" అని నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్న పిల్లవాడు, వీరందరినీ గమనించాలి. చాలా రోజులు దిగులుగా ఉన్న పిల్ల ఒక్కసారిగా ప్రశాంతంగా మారితే, ఇక బాగుపడిందని వదిలేయకుండా దగ్గరికి వెళ్లి మాట్లాడాలి. గతంలో ఒకసారి ప్రయత్నం చేసి బయటపడిన పిల్లల విషయంలో ప్రమాదం మిగిలినవారికంటే చాలా ఎక్కువ. "బెదిరించడానికి చేసింది" అని కొట్టిపారేసే మాట ఎవరి నోటా రాకూడదు.

వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను ఏమీ రుజువు చేయదు. ఎదిగే పిల్లల్లో ఇటువంటి మార్పులు మామూలుగానూ వస్తాయి. నదికి గేజీ ఉంది కాబట్టి మట్టం చూసి చెప్పగలం, పిల్లల మనసుకు అటువంటి గేజీ లేదు. తెలుసుకోవడానికి ఉన్న దారి అడగడం ఒక్కటే.

అడిగితే ఆలోచన పుడుతుందా

ఉపాధ్యాయులతో, తల్లిదండ్రులతో ఈ విషయం ఎత్తగానే వచ్చే మొదటి అభ్యంతరం ఇదే: లేనిపోని ఆలోచన మనమే పిల్లల బుర్రలో పెట్టినట్టు అవుతుంది కదా అని. ఈ భయం సహజమైనదే. కానీ దీన్ని నేరుగా పరీక్షించి చూశారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు ఉన్నత పాఠశాలల్లో 2,342 మంది విద్యార్థులను రెండు బృందాలుగా చేసి, ఒక బృందాన్ని ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడిగి, రెండో బృందాన్ని అడగకుండా వదిలి, రెండు రోజుల తరువాత అందరినీ పరిశీలించారు. 2005లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం అడిగినందువల్ల ఎవరిలోనూ బాధగానీ, ఆత్మహత్య ఆలోచనగానీ పెరగలేదు. అప్పటికే డిప్రెషన్‌తో ఉన్నవారికి, గతంలో ప్రయత్నించినవారికి అడగడం వల్ల కొంత ఊరటే కలిగినట్టు కనిపించింది.

కాబట్టి అడగాలి. ఎలా అడగాలన్నది అంతకంటే ముఖ్యం. తరగతిలో నలుగురి ముందు కాకుండా, స్టాఫ్‌రూములో మిగతా మాస్టార్ల మధ్య కాకుండా, వరండా చివరో చెట్టు కిందో, పక్కన కూర్చుని అడగాలి. మొదట చూసింది చెప్పాలి: "కొన్నాళ్లుగా నువ్వు భోజనం సరిగ్గా చేయడం లేదు తల్లీ, ఎవరితోనూ కలవడం లేదు. నాకు దిగులుగా ఉంది." ఆ తరువాత పూర్తిగా విని, చివరికి సూటిగానే అడగాలి: "ఇంత బాధలో ఉన్నప్పుడు కొందరికి చచ్చిపోవాలనిపిస్తుంది. నీకు అలా అనిపిస్తోందా?" పిచ్చి ఆలోచనలేమీ లేవుగా అని అడిగితే లేవండీ అనే జవాబే వస్తుంది, ఎందుకంటే ఆ జవాబు ప్రశ్నలోనే ఉంది.

అవునని చెప్పినప్పుడు పెద్దవారి ముఖం మారకూడదు. మీ అమ్మ ఎంత కష్టపడుతోందో తెలుసా అని గుర్తుచేయడం, ఇంతకంటే కష్టాల్లో ఉన్నవారిని చూడమనడం, దేవుడి మీద ఒట్టు వేయించుకోవడం, ఇవన్నీ మంచి మనసుతోనే చేస్తాం, కానీ పిల్ల వాటిని వినేది నేరారోపణగానే. "నాకు చెప్పి మంచి పని చేశావు. ఇక నువ్వు ఒక్కదానివే మోయనక్కరలేదు" అన్న రెండు మాటలు చాలు. ఎవరికీ చెప్పనని మాట మాత్రం ఇవ్వకూడదు. "నిన్ను క్షేమంగా ఉంచడానికి అవసరమైనవారికి మాత్రం చెబుతాను, ఎవరికి చెప్పేదీ ముందు నీతో అంటాను" అనడం నిజాయితీ. ఇప్పుడే ప్రమాదం ఉందని అనిపిస్తే బాధ్యత గల పెద్దమనిషి చేతికి అప్పగించేదాకా ఆ పిల్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు.

అప్పగించడం ఎవరికి? కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరు రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. పిల్లలే కాదు, ఏం చేయాలో తెలియని ఉపాధ్యాయులు, అమ్మమ్మలు కూడా చేయవచ్చు. పిల్ల మీద దౌర్జన్యం జరుగుతోందన్న అనుమానం ఉంటే పిల్లల సహాయ నంబరు 1098 ఉంది. లైంగిక దాడి అయితే తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరికీ విధి, ఇంటివారు వద్దన్నారని ఆగే వీలు లేదు. తక్షణ ప్రమాదంలో 108 పిలవాలి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, మరింత ప్రత్యేక చికిత్సకు విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పోలీసు కేసు అవుతుందన్న భయంతో దాచిపెట్టే కుటుంబాలకు ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్‌ను కొనసాగించలేదు.

ఇంటివారితో మాట్లాడడం వేరే నేర్పు. ఇంట్లో ఉన్నది డెబ్బయ్యేళ్ల పెద్దావిడ అయితే, డిప్రెషన్ అన్న మాటతో మొదలుపెట్టి ప్రయోజనం లేదు. "మామ్మగారూ, పిల్ల మనసుకి జబ్బు చేసిందండి. జ్వరం వస్తే చూపించుకున్నట్టే దీనికీ డాక్టరుగారున్నారు. నేనూ వస్తానండి" అంటే ఆవిడకు అర్థమవుతుంది, ధైర్యమూ వస్తుంది. ఆ ఇంట్లో పొలం మందులుంటే వాటిని తాళం వేసిన చోట, పిల్లలకు అందకుండా ఉంచమని కూడా అప్పుడే చెప్పాలి. వరి పండే ఇళ్లలో ఈ ఒక్క జాగ్రత్త విలువ చాలా పెద్దది. పక్కనున్న శ్రీలంకలో అతి ప్రమాదకరమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించిన తరువాత, 1995 నుంచి పదేళ్లలో ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి పడిపోయింది. జీవితంలో కష్టాలు ఆ పదేళ్లలో సగమైపోలేదు. తీవ్రమైన ఆ కొద్ది గంటల్లో ప్రమాదకరమైన వస్తువు చేతికి అందకపోవడమే తేడా.

బడిలో ఏవి ఫలించాయి

సదస్సు పెట్టి, ప్రతిజ్ఞ చేయించి, ఫొటో తీసి పంపడంతో ప్రాణాలు నిలబడతాయన్న ఆధారం ఎక్కడా లేదు. ఆధారం ఉన్నవి కొన్నే, వాటిలో రెండు మనకు పనికివచ్చేవి.

మొదటిది ఐరోపాలో జరిగింది. పది దేశాల్లోని 168 బడుల్లో 11,110 మంది విద్యార్థులతో చేసిన ఆ అధ్యయనం 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొన్ని బడుల్లో లక్షణాలు గుర్తించేలా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, కొన్నిటిలో పిల్లలను ప్రశ్నావళితో వడపోసి నిపుణుల దగ్గరికి పంపారు, కొన్నిటిలో పిల్లలతోనే నేరుగా, నాలుగు వారాల్లో సుమారు అయిదు గంటలపాటు, కష్టమైన సందర్భాలను నటించి చూపిస్తూ, చర్చిస్తూ, స్నేహితుడు బాధలో ఉంటే ఏం చేయాలో నేర్పారు. ఏడాది తరువాత చూస్తే కొత్తగా ఆత్మహత్యా ప్రయత్నాలు దాదాపు సగానికి తగ్గింది ఈ మూడో పద్ధతిలోనే. మొదటి రెండింటిలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. దీన్నిబట్టి ఉపాధ్యాయుల శిక్షణ వద్దని అర్థం కాదు, అది ఒక్కటే చాలదని అర్థం. పిల్ల తన బాధ ముందు చెప్పుకునేది పక్క బెంచీ స్నేహితురాలికే. "ఎవరికీ చెప్పకే" అన్న ఒట్టును ఎప్పుడు దాటాలో, ఏ టీచరుగారి దగ్గరికి పరుగెత్తాలో ఆ స్నేహితురాలికి నేర్పలేదంటే సమాచారం అక్కడే ఆగిపోతుంది.

రెండోది మన దేశంలోనే, బిహార్‌లోని నలంద జిల్లాలో, ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జరిగింది. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉపాధ్యాయులతో, మరికొన్నిటిలో ఆ పని కోసమే నియమించి శిక్షణ ఇచ్చిన సాధారణ యువతీయువకులతో నడిపించారు. 2018లో వెలువడిన ఫలితాల్లో రెండో రకం బడుల్లో పిల్లల మధ్య వేధింపులు తగ్గాయి, డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి, బడి వాతావరణం మెరుగుపడింది. ఉపాధ్యాయులే నడిపిన బడుల్లో మార్పు రాలేదు. ఈ అధ్యయనం మరణాలను కొలవలేదు కానీ, మరణాలకు దారితీసే పరిస్థితులను కొలిచింది. నాకు ఇందులో కనిపించే విషయం ఉపాధ్యాయుల అసమర్థత కాదు. ఒక్కరే ఇద్దరి పని చేస్తూ, హాజరు నుంచి మధ్యాహ్న భోజనం వరకు యాప్‌లలో నింపుతూ, సిలబస్ వెనుక పరుగెత్తే మనిషికి, మార్కులు వేసే మనిషికి, పిల్లలు మనసు విప్పడం కష్టం. పెద్ద డిగ్రీలు లేకపోయినా సరైన శిక్షణ, పైన పర్యవేక్షణ ఉండి, ఆ పనికే సమయం ఉన్న మనిషి బడిలో కావాలి. డెల్టాలో డిగ్రీ చదివి ఊళ్లోనే ఉన్న యువతులకు కొదవ లేదు. ఈ పద్ధతి ఇక్కడ సాధ్యమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను, వీలైతే ఒక మహిళను, ఒక పురుషుడిని, ఆరోగ్య రాయబారులుగా ఎంపిక చేయాలంది. కేంద్ర విద్యాశాఖ 2023లో ఉమ్మీద్ పేరుతో విడుదల చేసిన ముసాయిదా మార్గదర్శకాలు ప్రతి బడిలో ఒక సంక్షేమ బృందం ఉండాలన్నాయి. అన్నిటికంటే బలమైనది 2025 జూలై 25 నాటి సుప్రీంకోర్టు తీర్పు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో వచ్చిన ఆ తీర్పు, చట్టం వచ్చేదాకా దేశమంతటా అమలు కావలసిన 15 మార్గదర్శకాలను ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి పిల్లలున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి, అంతకంటే చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఉండాలి, సహాయ నంబర్లు తరగతుల్లో, హాస్టళ్లలో కనిపించాలి. జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జూనియర్ కాలేజీల్లో మరణాల మీద నీరదా రెడ్డి కమిటీ నియమితమైంది 2001లో. అంటే ఈ సమస్య మనకు తెలియనిది కాదు. కమిటీలు వేసి, నివేదికలు తీసుకుని, ర్యాంకుల సెక్షన్లను యథాతథంగా కొనసాగించడం రెండు దశాబ్దాలుగా చూస్తున్నాం. పిల్లను చేర్పించేటప్పుడు తల్లిదండ్రులు ర్యాంకుల ఫ్లెక్సీ చూసి సంతృప్తి చెందకుండా, "మీ కౌన్సెలర్ ఎవరండీ, ఒకసారి కలవవచ్చా, సెక్షన్లు ఎలా చేస్తారు, వారానికి ఎన్నిసార్లు మాట్లాడనిస్తారు" అని అడిగే హక్కు ఇప్పుడు సుప్రీంకోర్టు తీర్పుతో వారికి ఉంది.

ఫలితాల వారం గురించి విడిగా ఒక మాట. ఫలితాలు ఏ రోజు వస్తాయో ముందే తెలుస్తుంది, ఎవరికి మార్కులు తక్కువ వచ్చే అవకాశం ఉందో తరగతి ఉపాధ్యాయుడికి ఇంకా ముందే తెలుస్తుంది. ఆ పిల్లల ఇళ్లకు ముందు రోజే ఫోను చేసి, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి ఏడాది పోకుండా కాపాడుకోవచ్చని చెప్పి, ఆ రోజు ఇంట్లో ఎవరో ఒకరు పక్కన ఉండమని కోరడానికి ఖర్చు లేదు. సప్లిమెంటరీ అన్నది చిన్న ఏర్పాటులా కనిపిస్తుంది కానీ, తప్పిన పిల్లకు రాబోయే వారాల్లో చేయవలసిన పని ఒకటి కళ్లముందు ఉంచుతుంది.

ఒక మరణం జరిగినప్పుడు, ఒక పిల్ల తిరిగి వచ్చినప్పుడు

ఎన్ని చేసినా ఎక్కడో ఒకచోట నష్టం జరుగుతుంది. అప్పుడు బడి ఎలా ప్రవర్తిస్తుందన్నది మిగిలిన పిల్లల ప్రాణాలతో ముడిపడి ఉంటుంది, ఎందుకంటే ఈ వయసులో ఒక మరణం మరో మరణానికి దారితీయగలదు. ఏమీ జరగనట్టు పాఠం మొదలుపెడితే పుకార్లు పాఠం చెబుతాయి. పెద్ద సంతాప సభ పెట్టి, చిత్రపటానికి దండలు వేసి, వీరగాథలా మాట్లాడితే అప్పటికే నలుగుతున్న మరో పిల్లకు అదొక దారిలా కనిపిస్తుంది. తరగతి తరగతికి వెళ్లి, జరిగిన నష్టాన్ని చిన్న మాటల్లో చెప్పి, ఎలా జరిగిందన్న వివరాల జోలికి పోకుండా, ఏడ్చేవారిని ఏడవనిచ్చి, సన్నిహిత స్నేహితులను, అప్పటికే దిగులుగా ఉన్నవారిని ఒక్కొక్కరిగా పిలిచి మాట్లాడాలి. స్థానిక విలేకరులకు కూడా ఇది వర్తిస్తుంది. ప్రెస్ కౌన్సిల్ 2019లోనే పద్ధతిని, స్థలాన్ని వర్ణించవద్దని, సంచలన శీర్షికలు పెట్టవద్దని చెప్పింది. వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు, చివరి ఉత్తరాలు పంచుకునేవారు ఏ కౌన్సిల్ పరిధిలోకీ రారు. వారిని ఆపవలసింది ఆ గ్రూపులోని పెద్దలే.

ప్రయత్నం చేసి బతికి, చికిత్స తీసుకుని తిరిగి బడికి వచ్చే పిల్ల గురించి మన దగ్గర ఇంకా తక్కువ ఆలోచిస్తారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తొలి వారాలు అత్యంత ప్రమాదకరమైనవని వైద్యులకు తెలుసు, బడికి తెలియదు. అందుకే తిరిగి వచ్చే ముందే కుటుంబంతో, వీలైతే డాక్టరుతో మాట్లాడి, ఉదయం గేటు దగ్గర ఆ పిల్లను ఎవరు కలుస్తారో, మనసు తట్టుకోలేనప్పుడు తరగతి నుంచి లేచి ఎక్కడికి వెళ్లవచ్చో, పోయిన యూనిట్ టెస్టులు ఎప్పుడు రాయవచ్చో, తోటివారు అడిగితే ఏం చెప్పాలో పిల్లతోనే కలిసి నిర్ణయించాలి. ఒంట్లో బాగోలేక వెళ్లాను అని చెప్పుకునే స్వేచ్ఛ ఆమెకు ఉండాలి. టీసీ ఇచ్చి పంపేయడం, హాస్టల్ నుంచి తీసివేయడం కొన్ని సంస్థలకు అలవాటు. పేరు పోకుండా చూసుకునే ఆ పద్ధతి, పిల్లకు ఉన్న ఆధారాలను ప్రమాదం ఎక్కువగా ఉన్న సమయంలోనే తెంచేస్తుంది.

ఇదంతా ఒక్క బడి ఒంటరిగా చేయలేదు. యాభై మంది పిల్లలున్న లంక బడికి సొంత కౌన్సెలర్ రాడు, కానీ ఇరుగుపొరుగు బడులను కలిపిన ఒక స్కూల్ కాంప్లెక్స్ పరిధిలోని బడులన్నీ కలిసి ఒకరిని వారానికొక రోజు ఒక్కో బడికి తిప్పుకోవచ్చు. జూన్‌లో బడులు తెరిచిన తరువాత జరిగే మొదటి కాంప్లెక్స్ సమావేశంలో గంట సమయం దీనికి కేటాయిస్తే, ప్రతి బడి నుంచి పిల్లలు నమ్మే ఇద్దరి పేర్లు, దగ్గరి ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉండే రోజులు, పీహెచ్‌సీ డాక్టరు నంబరు, వరద రోజుల్లో రేవు దాటించడానికి ఎవరిని పిలవాలో, గల్ఫ్‌లో ఉన్న తల్లిదండ్రులను ఏ నంబరులో ఏ వేళ కలవవచ్చో ఒక కాగితం మీద రాసుకోవచ్చు. ఆ కాగితం ప్రధానోపాధ్యాయుడి బల్ల మీద, హాస్టల్ వార్డెన్ గదిలో, సచివాలయంలోని ఏఎన్ఎం దగ్గర ఉండాలి, బదిలీల కాలం ముగిసిన ప్రతిసారీ పేర్లు మార్చి మళ్లీ రాయాలి.